నీళ్ళు ఎక్కడున్నాయి ఇందులో?

మా మేడం గారు పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. మంగళవారం పొద్దున్న పదింటప్పుడు వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేశారు. ఆయన గోదావరిలో చేపల వేటకెళ్ళే మనిషి. ఫోన్లో కూడా పడవ మీంచి ఒడ్డుకి కేకేసినట్టే మాట్లాడతారు. ఆ రోజు మాత్రం గొంతు సరిగ్గా వినపడలేదు.

"అక్క వెళ్ళిపోయిందమ్మా. టిఫిన్ చేసి పేపరు పట్టుకుని వరండాలో కూర్చుంది. ఖాళీ గ్లాసు తీసుకెళ్దామని నేను వచ్చేసరికి..."

మళ్ళీ ఆయనే, "కంగారుపడి రాకమ్మా, నెమ్మదిగా రా" అన్నారు.

మేడం గారు రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక కూడా ఊళ్ళోనే ఉండి, చివరి రెండేళ్ళకి కోటిపల్లి దిగువన తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి పాత విద్యార్థులు ముప్ఫై మంది దాకా వచ్చి ఉన్నారు. మాలో ఒకాయన పెద్ద ఫ్లెక్సీ వేయిద్దామన్నాడు. పైన ఏం రాయాలో కూడా చెప్పుకొచ్చాడు, విద్యాదాత, జ్ఞానజ్యోతి, ఇంకా ఏవేవో. తమ్ముడు గారు అంతా విని, "ఆయ్, బాగుందండి. కానీ అందులో మా అక్క ఎక్కడుందండి?" అన్నారు. ఏడుస్తున్నవాళ్ళం కూడా నవ్వేశాం. అది అచ్చం ఆవిడ అడిగే ప్రశ్న.

కాలేజీలో మొదటి రోజే నేను ఆ ప్రశ్నకి దొరికిపోయాను. అందరికీ తలో తెల్లకాగితం ఇచ్చి, పేరు, ఊరు, దేంట్లో వస్తారో రాయమన్నారు. నేను టెన్త్‌లో స్కూల్ ఫస్ట్. ఆ గీర ఇంకా దిగలేదు. స్కేలు పెట్టి గీతలు కొట్టి, రెండు రంగుల పెన్నులతో గళ్ళు వేసి, గళ్ళలో మళ్ళీ చిన్న గళ్ళు వేసి, ప్రతి గడికీ ఒక శీర్షిక పెట్టి ఇచ్చాను. మేడం గారు కాగితాలన్నీ పోగుచేసి అటెండరు గారి చేతిలో పెట్టారు. ఆయన అయిదో క్లాసు దాకా చదువుకున్న పెద్దాయన. "నిడదవోలు నుంచి రైల్లో వచ్చేవాళ్ళెవరో చెప్పండి" అన్నారు మేడం గారు. ఆయన ఒక్కో కాగితం చూసి ఊరి పేర్లు చదువుతున్నారు. నాది వచ్చేసరికి అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇది తర్వాత చూస్తానండి" అని పక్కన పెట్టేశారు. క్లాసంతా గొల్లుమంది. నిడదవోలు నుంచి వచ్చేది నేనొక్కదాన్నే మరి.

మేడం గారు నవ్వలేదు. నా కాగితం తీసి వెలుగులోకి పట్టుకుని, "ముగ్గు బాగా వేశావు. మన అటెండరు గారు చదవగలిగేట్టు మళ్ళీ రాస్తావా?" అని అడిగారు.

ఆవిడ మాట ఎప్పుడూ ఇలాగే ఉండేది. తిట్టినట్టుండదు, వదిలేసినట్టూ ఉండదు. ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతిలో గొడుగు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు, ప్రిన్సిపాల్ గారి గదిలో కూడా. ఎవరైనా పెళ్ళి కార్డు ఇస్తే ముందు మూడు సంగతులు పైకి చదివేవారు: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు. తర్వాత కార్డు మళ్ళీ మొదటికి తిప్పి, మేనత్తలవీ పెదతాతలవీ పేర్లన్నీ వదలకుండా, చిన్నపిల్లలా మురుస్తూ చదువుకునేవారు. "మూడు ముక్కలకి ఇంత కార్డెందుకండి?" అని నేను తెలివిగా అడిగితే, "అది సమాచారం, ఇది ముచ్చట. ముచ్చటకి ఎన్ని పేర్లయినా ఉండొచ్చు. రెండూ కలిపేస్తేనే చిక్కు" అన్నారు.

ఆ తేడా నాకు ఆ రోజున అర్థమయ్యుంటే ఇప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు.

చదువయ్యాక రాజమండ్రిలోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. అయిదుగురం ఉండేవాళ్ళం. కొన్నేళ్ళకి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు మా దగ్గరికి వచ్చారు. వరదలప్పుడు గోదావరి నీటిమట్టం నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళ ఫోన్లకి మెసేజ్‌గా వెళ్ళాలి. పది పదకొండు రేవుల్లో వాళ్ళ మనుషులుంటారు, గంటగంటకీ మట్టం చూసి ఫోన్లో ఎక్కిస్తారు. ఒక ప్రోగ్రాం అవన్నీ కలిపి ఒక ఫైలు చేస్తుంది. ఇంకో ప్రోగ్రాం ఆ ఫైలు చదివి మెసేజ్‌లు పంపుతుంది. ఆ ఫైలు ఎలా ఉండాలో తేల్చే పని నాకిచ్చారు.

నేను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎంచుకున్నాను. కంప్యూటర్ సంగతి తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. అందులో ప్రతి ముక్కకీ ముందొక చీటీ, వెనకొక చీటీ అంటించాలి. ఇక్కడ రేవు పేరు మొదలు, ఇక్కడితో రేవు పేరు అయిపోయింది, అని. వాటిని ట్యాగులంటారు. ఒక ట్యాగు లోపల ఇంకోటి, దాని లోపల మరోటి, ఎంత లోతుకైనా వెళ్ళొచ్చు. నేను వెళ్ళాను. నదికొక ట్యాగు, జిల్లాకొకటి, రేవుకొకటి, కొలతకొకటి, కొలిచిన మనిషికొకటి, ఆ కొలత అడుగుల్లోనో మీటర్లలోనో చెప్పడానికొకటి. మూడు వారాలు కూర్చుని చేశాను. చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. నాలుగు పేజీలు ప్రింటు తీసుకుని మేడం గారింటికి పరిగెత్తాను. అప్పటికి ఆవిడ రిటైరై ఏడాది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ మొదట్నించి చివరిదాకా చూశారు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

"నీళ్ళు ఎక్కడున్నాయమ్మాయ్ ఇందులో?"

వేలు పెట్టి చూపించాను. ఏడు ట్యాగుల లోపల ఒక అంకె. ఆవిడ పెన్సిల్ తీసి అలాంటి అంకెలన్నిటికీ సున్నాలు చుట్టారు. పదకొండొచ్చాయి. మిగిలిన నాలుగు పేజీలూ చీటీలే.

"మా ఇళ్ళల్లో చీరమేను ఎలా అమ్ముతారో చూశావా? బియ్యపు గింజంత చేప. గ్లాసుతో ముంచి పోస్తారు. నువ్వు చేపకో సంచీ కుట్టావు."

నాకు ఉక్రోషం వచ్చింది. "రేపు ఇంకో నాలుగు నదులు కలిసినా పనికొస్తుందండి. పెద్ద కంపెనీల్లో అందరూ ఇలాగే రాస్తారండి" అన్నాను.

"రేపటి నదుల సంగతి రేపు. ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు?"

"నేనేనండి."

"నువ్వు ఊళ్ళో లేకపోతే?"

కాగితాలు మడుచుకున్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు. లోపలికెళ్ళి పెసరట్టు వేసి తెచ్చి, "తిను, చల్లారిపోతుంది" అన్నారు.

రెండు వర్షాకాలాలు నా ఫైలు బాగానే పనిచేసింది. మేడం గారి మాట మర్చిపోయాను. మూడో ఏడు శ్రావణంలో పెద్ద నీరు వచ్చింది. పైన వానలు, గోదావరి ఎర్రగా ఉరకలేస్తోంది. ఆ పొద్దున్న సంస్థ వాళ్ళు కొత్తగా ఇంకో రేవు చేర్చారు. అక్కడ పాత ఆర్ అండ్ బి బంగళా ఉంది కాబట్టి ఆ పేరే ఎక్కించారు. ఇంగ్లీషు అక్షరాలు రెండు, మధ్యలో అందరూ వేసే & గుర్తు. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఊరంతా అలాగే రాస్తుంది.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఆ గుర్తుకి వేరే పని ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు రాయకూడదు, మార్చి రాయాలి. ఫైలు తయారుచేసే ప్రోగ్రాంలో ఆ ఏర్పాటు చెయ్యాల్సింది నేను. చెయ్యలేదు. ఇక చదివే ప్రోగ్రాంకి ఉన్న నియమం ఏంటంటే, ఫైల్లో ఎక్కడ ఒక్క తప్పున్నా మొత్తం తిప్పికొట్టాలి. అది తన నియమం ప్రకారం తిప్పికొట్టింది. ఆరింటి నుంచి ఒక్క లంకకీ ఒక్క మెసేజూ వెళ్ళలేదు. నా స్క్రీన్ మీద మాత్రం 'ఫైలు అందింది' అని ఆకుపచ్చగా కనిపిస్తోంది. ఫైలు అందిన మాట నిజమే కదా.

తొమ్మిదింటికి మేడం గారి ఫోన్. "అమ్మాయ్, మా తమ్ముడు లంక దగ్గరున్నాడు. రేవు మెట్లు మునిగాయట. ఎవరికీ మెసేజ్ రాలేదంటున్నారు. ఏంటది?"

ఆవిడ ఆటోలో వచ్చేసరికి నేను ఫైలు తెరిచి కూర్చున్నాను. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశారు, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఫైలు అప్పటికి ఎన్ని పేజీలైందో, పైకీ కిందికీ జరుపుతుంటే ట్యాగులు తప్ప ఏమీ కనపడటం లేదు. మేడం గారు నా పక్కన కుర్చీ లాక్కున్నారు.

"వెతకడం ఆపు. ముందు నీళ్ళ సంగతి చూద్దాం. రేవుల్లో ఉన్నవాళ్ళ నెంబర్లు ఉన్నాయా?"

ఉన్నాయి. నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మట్టం అడుగుతుంటే, ఆవిడ తెల్లకాగితం మీద రాసుకుంటూ వెళ్ళారు. రేవు పేరు, మట్టం, టైము. ఒక రేవుకి ఒక లైను. ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు పేర్ల ఎదురుగా 'తెలియలేదు' అని రాశారు. మా ఆఫీసులో మిగతావాళ్ళు ఆ కాగితం చూసి మెసేజ్ కొట్టి అన్ని నెంబర్లకీ పంపారు. ఇరవై నిమిషాలు పట్టింది.

మనుషులందరూ గట్టెక్కారు. కానీ ఒక లంకలో అరటితోట చేసుకునే ఒకావిడవి రెండు గేదెలు కొట్టుకుపోయాయి.

వరద తీశాక మేడం గారు, "ఆదివారం ఖాళీ పెట్టుకో. ఆ లంకకి వెళ్ళొద్దాం" అన్నారు. నేను మొహం చాటేద్దామని చూశాను. ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాను. "మానేస్తే ఆ ఫైలు ఎవరు బాగుచేస్తారు? నువ్వేనని నువ్వే చెప్పావుగా" అన్నారు.

తమ్ముడు గారి పడవలో వెళ్ళాం. లంకంతా మోకాలు లోతు ఒండ్రు. అరటిచెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. గేదెలు పోయినావిడ చీపురుతో గుమ్మంలో బురద తోస్తోంది. మమ్మల్ని చూసి, ఉన్న ఒక్క మంచం కడిగి తుడిచి కూర్చోమంది. నేను ఎవరో మేడం గారు చెప్పలేదు. నేనే చెప్పాలని ఊరుకున్నారు.

"మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం నేను రాశానండి" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. "రెండేళ్ళూ వచ్చింది కదమ్మా. వస్తుంది కదా అని గేదెల కట్టు విప్పకుండా కూర్చున్నాను. ఎందుకు రాలేదమ్మా?"

ఫైలు, ట్యాగు, గుర్తు, ఇవేవీ నోటికి రాలేదు. చివరికి ఇలా చెప్పాను. "ఇంకో రేవు పేరు రాయడంలో తేడా వచ్చిందండి. అలా తేడా వస్తే అన్ని ఊళ్ళ మెసేజ్‌లూ ఆగిపోయేట్టు నేను రాశానండి."

ఆవిడ చీపురు గోడకి ఆనించి ఆలోచించింది. "ఆ ఊరి పేరు తప్పయితే ఆ ఊరిది ఆగాలి గానీ, మాదెందుకు ఆగిందండీ?"

ఆ తర్వాత పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు ఎక్స్‌ఎమ్‌ఎల్ మీద చెప్పిన విమర్శలు చాలా విన్నాను. ఇంతకంటే సూటిగా అడిగినవాళ్ళు లేరు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడే దగ్గరికి వచ్చి, "పోనీలెండమ్మా, పిల్లలు దక్కారు" అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికున్న బురద నా జాకెట్టుకి అంటుకుంది. తర్వాత సంస్థ వాళ్ళు ఆవిడకి ఒక సూడిగేదెని ఇప్పించారు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తిరిగి వస్తున్నప్పుడు మేడం గారు ఒక సంగతి చెప్పారు. అంతకుముందెప్పుడూ చెప్పలేదు, తర్వాతా ఎత్తలేదు. ఆవిడకి పదేళ్ళప్పుడు తుపాను వచ్చిందట. వేటకెళ్ళిన పడవలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. రేవులో కొట్టు గోడ మీద ఎవరో బొగ్గుతో, తిరిగొచ్చినవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ వచ్చారు. పేటలో ఆడవాళ్ళెవరికీ చదువు రాదు. చదువొచ్చిన ఆడపిల్ల ఈవిడ ఒక్కతే. వాళ్ళందరూ ఈవిణ్ణి భుజాల మీద ఎత్తి గోడ ముందు నిలబెట్టారు.

"నేను చదువుతుంటే వెనక ఊపిరి పీల్చిన చప్పుడు కూడా లేదమ్మాయ్. ఒక్కో పేరు పడుతుంటే ఒక్కో మనిషి ఏడుస్తూ కింద కూర్చుండిపోయేది, సంతోషంతో. ఆ గోడ మీద పేరుకీ పేరుకీ మధ్య ఇంకేదైనా రాసుంటే నేను తడబడేదాన్ని. తడబడితే వాళ్ళు ఏమైపోయేవాళ్ళో."

మీ నాన్నగారి పేరుందా అని నేను అడిగేలోపే ఆవిడే చెప్పారు. "మా నాన్నది ఆఖర్న ఉంది. నాకప్పటికి గొంతు పోయింది. మా అమ్మకి వేలితో చూపించాను."

పడవ నడుపుతున్న తమ్ముడు గారు అక్క మీంచి చూపు తిప్పుకోలేదు. ఆ కథ ఆయనా అప్పుడే వింటున్నారని నాకనిపించింది.

ఆ వారమే ఫైలు మార్చేశాను. ఒక రేవుకి ఒక లైను, లైనులో మూడు ముక్కలు, మధ్యలో కామా చాలన్నారు మేడం గారు. ఒక లైను తప్పయితే అది పక్కన పెట్టి మిగతావి పంపాలి, వెంటనే నా ఫోన్ మోగాలి. మేడం గారికి చూపిస్తే కళ్ళజోడు లేకుండానే చదివేశారు. ఇద్దరం చాలా గర్వపడ్డాం. మరుసటి ఏడు ఒకతను రేవు పేరు 'పాత రేవు, బడి వెనక' అని ఎక్కించాడు. మధ్యలో కామా ఉంది కదా, నా ప్రోగ్రాం అక్కడ ముక్క అయిపోయిందనుకుంది. అదృష్టం, అప్పటికింకా వరద లేదు. నీటిమట్టం: బడి వెనక, అని లంకలన్నిటికీ మెసేజ్ వెళ్ళింది. భయపడుతూ వెళ్ళి చెప్తే మేడం గారు కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "కామా ఉంటే చాలన్నది నేనే. నాకూ కొమ్ములొచ్చాయి, మంచి పని అయింది" అన్నారు. కామా తీసేసి నిలువు గీత పెట్టాం. ఆవిడ మాత్రం ఆ మెసేజ్ చెరపకుండా ఫోన్లో దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

ట్యాగులంటే ఆవిడకి పగ అనుకునేరు. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు కంప్యూటర్ చదివి వినిపించేట్టు తయారుచేసే పని రిటైరయ్యాక ఏళ్ళతరబడి ఊరికే చేసిపెట్టారు. అందులో వాడింది ఈ ట్యాగులే. ఏది పాఠమో, ఏది పద్యమో, ఏది పేజీ కింద రాసిన అర్థమో చెప్పకపోతే విన్నవాళ్ళకి అంతా కలగాపులగం అయిపోతుంది. "పుస్తకానికి ఇవి కావాలి. పట్టికకి గీతలు చాలు. ఎదురుగా ఎవరు కూర్చుని వింటున్నారో చూసుకుని రాయి" అనేవారు. నా దగ్గరికి కొత్తగా ఎవరు పనికి చేరినా నేను చెప్పే మొదటి మాట అదే. మా ఆఫీసులో ఇప్పుడు ఏ ఫైలు తయారైనా ముందు కంప్యూటర్ గురించి తెలియని మనిషి ఒకరు చదవాలి. ఎక్కువగా మా అమ్మ చదువుతుంది.

నేను ఆఖరుసారి ఆవిణ్ణి చూసింది పోవడానికి మూడు వారాల ముందు. నీరసంగా ఉన్నారు. వరండాలో కూర్చుని, ఈ మధ్య ఏం రాస్తున్నావు, ఎవరి కోసం రాస్తున్నావు అని అడిగారు. కొంచెం ఎక్కువే మాట్లాడాను. మధ్యలో కునుకు తీశారు. లేచి, "చెప్పు, వింటున్నాను" అన్నారు. బస్సుకి టైమైపోతోందని నేనే లేచాను. ఇంకో గంట కూర్చుని ఉండాల్సింది.

మొన్న అస్థికలు కలపడానికి కోటిపల్లి రేవు నుంచి పడవలో వెళ్ళాం. తమ్ముడు గారు, ఆయన భార్య, పంతులు గారు, నేను. ఇంజను దగ్గర వాళ్ళ పేట మనిషి ఒకాయన కూర్చున్నారు. నడి గోదారిలో ఇంజను ఆపారు. నీరు నిండుగా, కదులుతోందా లేదా అన్నట్టుంది. మంత్రాలు అయ్యాక పంతులు గారు, "ఏదైనా చెప్పుకోవాలనుకుంటే చెప్పుకోండి" అన్నారు. తమ్ముడు గారు కుండ రెండు చేతులతో పట్టుకున్నారు.

"వెళ్ళిరా అక్కా" అని నీళ్ళలోకి వంచేశారు.

ఇంజను మళ్ళీ మొదలైంది. ఆయన పడవ అంచున ఒరిగి కూర్చుని, కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో ఉంచేశారు. యాభై ఏళ్ళుగా నది మీద బతుకుతున్న మనిషి, కదిలే పడవలోంచి చెయ్యి బయటికి పెట్టకూడదని మాకందరికీ చెప్పే మనిషి. భార్య ఒకసారి భుజం తట్టింది. వేళ్ళ వెనకాల నీరు సన్నగా చీలుతోంది, కలుస్తోంది. రేవు వచ్చి పడవ ఇసుక మీద ఆగేదాకా ఆ చెయ్యి పైకి తియ్యలేదు.